మైదానంలో ప్రార్థన – మంచం దగ్గర ప్రార్థన



సాయంత్రం వేళ జొన్నాడ చుట్టుపక్కల ఊళ్ళలో పిల్లలు వాలీబాలో, క్రికెట్టో ఆడుతుంటారు. ఆటకు ముందు కళ్ళు మూసుకొని ప్రార్థన చేసుకొనేవారూ ఉంటారు. “అమ్మగారూ, ప్రార్థన చేస్తే గెలుస్తామా?” అని యౌవనస్థులు మమ్మల్ని అడుగుతుంటారు. వార్డులో రోగులు అడిగేదీ ఇంచుమించు ఇదే. “సిస్టరమ్మా, ప్రార్థన చేస్తే తగ్గిపోతుందా?”

2025 అక్టోబరు 30న నవీ ముంబైలో మహిళల ప్రపంచకప్ సెమీఫైనల్ జరిగింది. ఆస్ట్రేలియా 338 పరుగులు చేసింది. మన జెమీమా రోడ్రిగ్స్ 127 పరుగులు చేసి, చివరివరకు అవుట్ కాకుండా నిలిచి జట్టును గెలిపించింది. ఆట ముగియగానే కన్నీళ్ళతో యేసుప్రభువుకు కృతజ్ఞతలు చెప్పింది. ఒంట్లో శక్తి అయిపోయినప్పుడు బైబిలు వాక్యం చెప్పుకుంటూ నిలబడ్డానని చెప్పింది. ఎర్ర సముద్రం ఎదుట భయపడిన ప్రజలకు మోషే చెప్పిన మాట అది (నిర్గమకాండము 14వ అధ్యాయము). నవంబరు 2న ఇండియా కప్పు గెలిచింది. ఆ జట్టులో మన కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి కూడా ఉంది.

అయితే ఆ రోజు జెమీమా ఇంకొక మాట కూడా చెప్పింది. ఆ టోర్నమెంటులో తాను తీవ్రమైన ఆందోళనతో బాధపడ్డానని, అమ్మకు ఫోన్ చేసి ఏడ్చేదాన్నని, తోటి ఆటగాళ్ళు తోడుగా నిలిచారని, సహాయం అడగడం తప్పు కాదని చెప్పింది. ప్రార్థించే మనిషికి దిగులు రాదని కాదు. ప్రార్థన ఉంది కదా అని ఆమె దిగులును దాచుకోలేదు.

ఎరిక్ లిడెల్ సంగతి మన సంఘాలలో చాలామందికి తెలిసినదే. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో ఆదివారం పరుగెత్తనని 100 మీటర్ల పందెం వదులుకొని, 400 మీటర్లలో బంగారు పతకం గెలిచాడు. మరుసటి సంవత్సరం మిషనరీగా చైనా వెళ్ళాడు. 1945లో అక్కడ జపానువారి నిర్బంధ శిబిరంలో మెదడులో కణితితో చనిపోయాడు. అప్పటికి 43 ఏళ్ళే. ఆయన విశ్వాసం తక్కువైందని ఎవరైనా అనగలరా? కాబట్టి, జబ్బు తగ్గనివారిని చూసి “ప్రార్థన సరిగా చేయలేదు” అని దయచేసి ఎవరూ అనవద్దు. రోగం కంటే ఆ మాటే ఎక్కువ గాయపరుస్తుంది.

మన కోనసీమలో కొబ్బరి దింపు కార్మికుడు చెట్టెక్కేముందు దేవుణ్ణి తలచుకుంటాడు, తాడు కూడా సరిచూసుకుంటాడు. ప్రార్థన చేశాను కదా అని తాడు వదిలేయడు. మందులూ, వైద్యమూ ఆ తాడు వంటివే. ఆపరేషనుకు ముందు మేమూ రోగి మంచం దగ్గర ప్రార్థన చేస్తాము. ఆ వెంటనే పేరు, బీపీ, షుగరు మరొకసారి సరిచూస్తాము.

అందుకని మా మనవి:

1. ప్రార్థన చేయించుకున్నామని బీపీ, షుగరు, ఫిట్స్ మందులు మీ అంతట మీరు మానవద్దు.

2. షుగరు ఉన్నవారు ఉపవాస ప్రార్థనకు ముందు డాక్టరు గారిని అడగండి. ఉపవాసంలో చెమటలు, వణుకు, కళ్ళు తిరగడం వస్తే వెంటనే పంచదార నీళ్ళు తాగించండి. మనిషి స్పృహలో లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకురండి. ప్రాణం కాపాడుకున్నందుకు దేవుడు కోపించడు.

3. ఆటలో కాలు బెణికితే నూనెతో గట్టిగా రుద్దవద్దు. ఆట ఆపి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టి, కాలు ఎత్తులో ఉంచండి. అడుగు వేయలేకపోతే ఎక్స్‌రే తీయించండి.

4. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోయినా, దిగులుగా ఉన్నా, చనిపోవాలనే ఆలోచన ఒక్కసారి వచ్చినా దాచుకోవద్దు. పాస్టరు గారికీ చెప్పండి, డాక్టరు గారికీ చెప్పండి. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416కు రాత్రీ పగలూ ఉచితంగా ఫోన్ చేయవచ్చు.

గెలిచినా ఓడినా, తగ్గినా తగ్గకపోయినా ఆయన మనతోనే ఉంటాడు. ప్రార్థన మనకిచ్చే ధైర్యం ఇదే. ఆ ధైర్యంతోనే వైద్యానికి రండి. దేవుడు మిమ్మును, మీ కుటుంబములను దీవించును గాక. ఆమెన్.