వెలిసిపోని మన్నురంగులు

కృష్ణా నదికి ఉత్తరాన, పాత కృష్ణా జిల్లా మెట్ట భాగంలో ఉండి 2022 నుంచి ఎన్టీఆర్ జిల్లాలో చేరిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో నల్లరేగడి, ఎర్రచెలక నేలల అడుగున సున్నపురాయి విస్తారంగా పరుచుకొని ఉండగా, జగ్గయ్యపేట పరిసరాల్లో ఇనుప ఖనిజపు పొరలు కూడా అక్కడక్కడ కనిపిస్తాయి. జగ్గయ్యపేట దగ్గర 1882లో పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ తవ్వించిన ధనంబోడు బౌద్ధస్తూపపు శిల్పఫలకాలు సున్నపురాతివే. నేడు ఆ ప్రాంతపు సిమెంటు కర్మాగారాలకు ఆధారమూ ఆ రాయే. చిత్రకళ దృష్టితో చూసినప్పుడు మాత్రం సున్నంతో పాటు ఇనుము కూడా ఉన్న నేల కావడం ఈ మెట్టకు ఒక ప్రత్యేకతను ఇస్తుంది, ఎందుకంటే గోడచిత్రానికి మూలాధారాలు ఈ రెండే: గచ్చుకు సున్నం, ఎరుపు, పసుపు, గోధుమ రంగులకు ఇనుము కలిసిన మన్ను.

మన్నుకు ఈ రంగులను ఇచ్చేది ఇనుము ప్రాణవాయువుతో కలిసి ఏర్పడిన ఆక్సైడులు. నీటి అంశను తనలో నిలుపుకున్న గోథైట్ అనే ఖనిజం పసుపు నుంచి లేత గోధుమ వరకు కనిపించగా, నీటి అంశ లేని హెమటైట్ ఎరుపును ఇస్తుంది. తెలుగువారు జేగురు, జాజు అని పిలుచుకునే ఎర్రమన్నులో ప్రధానంగా ఉండేది హెమటైటే. పొలంలోని ఎర్రమట్టి అంతా చిత్రకారుడికి పనికిరాదు, ఎందుకంటే అందులో ఇసుక, బంకమన్నుల పాలు ఎక్కువై రంగు పలచబడుతుంది. ఇనుప ఆక్సైడు ఒకచోట చిక్కగా పోగుపడిన మన్నే రంగుమన్ను అవుతుంది. పూర్వపు కర్నూలు జిల్లాలోని బేతంచెర్ల ప్రాంతంలో తవ్వితీసే పచ్చమన్ను అటువంటిదే.

అసలైన గోధుమరంగు రావాలంటే ఇనుముకు మాంగనీసు తోడు కావాలి. మాంగనీసు ఆక్సైడు నల్లనిది కనుక, అది 5 శాతం లోపే ఉన్న మన్ను పసుపు కలిసిన గోధుమ వన్నెతో ఉంటుంది. ఇటలీలోని సియెనా నగరం పేరుమీద దానిని సియెన్నా అంటారు. మాంగనీసు 5 నుంచి 20 శాతం వరకు ఉంటే ముదురు గోధుమరంగు గల అంబర్ అవుతుంది, ఇందులో సైప్రస్ ద్వీపపు మన్నుకు చిరకాలంగా పేరుంది. అవిసెనూనెతో కలిపిన రంగు త్వరగా ఆరడానికి కూడా మాంగనీసు తోడ్పడుతుంది కాబట్టి, యూరప్ తైలవర్ణ చిత్రకారులు చిత్రపు అడుగుపూతలకు అంబర్‌ను విరివిగా వాడారు. తెలుగునాట మాంగనీసుకు విజయనగరం జిల్లాలోని గర్భాం, చీపురుపల్లి ప్రాంతాలు ప్రసిద్ధమైనవి. దేశంలో మాంగనీసు తవ్వకం 1890ల ఆరంభంలో మొదలైనదీ ఆ ప్రాంతంలోనే.

గని నుంచి వచ్చిన మన్ను రంగుగా మారేది నీటి సాయంతో. మన్నును నూరి, నీళ్లలో బాగా కలిపి కొద్దిసేపు వదిలితే బరువైన ఇసుక ముందుగా అడుక్కు చేరుతుంది. పైన తేలియాడే సన్నని మడ్డిని వేరే పాత్రలోకి వంచి, అది పేరుకున్నాక తేరిన నీటిని తీసివేసి ఆరబెడితే మెత్తని పొడి మిగులుతుంది. ఆ పొడిని కాలిస్తే మరో రంగు పుడుతుంది: సుమారు 300 డిగ్రీల సెల్సియస్ వేడికి గోథైట్‌లోని నీటి అంశ పోయి హెమటైట్ ఏర్పడటంతో పచ్చమన్ను ఎర్రబడుతుంది, సియెన్నా ఎర్రని గోధుమగా, అంబర్ మరింత ముదురుగా మారుతాయి. ఇలా ఒకే మన్ను నుంచి కాల్పును బట్టి అనేక ఛాయలు లభిస్తాయి.

సిద్ధమైన పొడిని ఉపరితలానికి అంటిపెట్టేందుకు తుమ్మజిగురు వంటి బంధకం కావాలి, లేదా తడి గచ్చుపైన నీటితోనే పూయాలి. తడి గచ్చులోని సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకొని తిరిగి సున్నపురాతి స్వభావాన్ని పొందుతూ రంగు రేణువులను తనలో బంధిస్తుంది. అయితే సున్నానికి ఘాటైన క్షారగుణం ఉన్నందున దానిని తట్టుకోగల రంగులు కొన్నే, వాటిలో మన్నురంగులది మొదటి స్థానం. విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, 16వ శతాబ్దంలో, విరూపణ్ణ ఆధ్వర్యంలో రూపుదిద్దుకున్న లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రాల్లో ఎరుపు, పసుపు, గోధుమ రంగులదే ఆధిక్యం కాగా, ఆకారాలకు నల్లని అంచురేఖలు ఉంటాయి, నీలం దాదాపు కనిపించదు. అంతకు ఎన్నో వేల ఏళ్ల ముందరివైన కర్నూలు జిల్లా కేతవరం రాతిచిత్రాల్లోనూ ఎర్రమన్ను ఇప్పటికీ గుర్తుపట్టగలిగినంత స్పష్టంగా నిలిచి ఉంది.

ఈ మన్నికకు కారణం ఆ రంగుల రసాయన స్థితిలోనే ఉంది. ఇనుము తుప్పుపట్టడం ఎక్కడ ఆగుతుందో అక్కడ మన్నురంగు మొదలవుతుంది. ప్రాణవాయువుతో కలవడం అప్పటికే పూర్తయినందున, ఎండకు గానీ గాలికి గానీ ఆ పదార్థంలో మార్చగలిగింది పెద్దగా మిగలదు. మన్నుపేరుతో చలామణీ అయిన ప్రతి గోధుమరంగుకూ ఈ గుణం లేదు: జర్మనీలోని కాసెల్ ప్రాంతం నుంచి వచ్చి ఒకప్పుడు యూరప్‌లో బాగా వాడుకలో ఉన్న గోధుమరంగు, కుళ్లిన వృక్షపదార్థంతో కూడిన గోధుమ బొగ్గు నుంచి తీసినది కావడంతో వెలుతురుకు వెలిసిపోతుంది.

1925లో జర్మనీలో రూపొందిన లాక్స్ పద్ధతి వంటివాటితో ఇనుప ఆక్సైడులను కర్మాగారాల్లో భారీగా తయారుచేయడం సాధ్యమైన తరువాత గనిమన్నుల వాడకం తగ్గింది. నందిగామకు సమీపంలోని కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో చేసే బొమ్మలకు వేసే రంగుల్లోనూ ఎనామిల్ ప్రవేశించింది. కృత్రిమ ఆక్సైడు రేణువులన్నీ ఒకే పరిమాణంలో ఉండి రంగు చిక్కగా, ఏకరీతిగా వస్తుంది. సహజమైన మన్నులో బంకమన్ను, సన్నని ఇసుక రేణువులు కలిసి ఉండటంతో పూత కొంత పారదర్శకంగా ఉంటుంది. అందుకే పాత చిత్రాలను సరిచేసేవారికి రంగు పేరుతో పాటు రేణువుల స్వభావం కూడా తెలియాలి. పాత గోడలపై చిత్రాలు పోవడానికి సాధారణంగా కారణమయ్యేది మన్నురంగు క్షీణించడం కాదు. పైకప్పు నుంచి దిగిన తడికి గచ్చు ఉబ్బి, లవణాలు పైకి తేలి, బంధకం సడలి పొర ఊడిపోవడమే. కాబట్టి మన్నురంగుల చిత్రాలను కాపాడాలనుకునే ఆలయాల్లో మొదటి ఖర్చు కప్పు కారకుండా చూడటానికే కావాలి.