మైనం మూతే తేనె నాణ్యతకు ముద్ర

గుంటూరు: తేమ చూడనిదే ఇక్కడ పత్తికి, మిర్చికి బేరం కుదరదు. తేనెకూ ఇదే లెక్క. నల్లమలలో చెంచులు తాళ్ల సాయంతో దించే కొండతేనె ఇందుకు తార్కాణం. కొండ తేనెటీగలు బండ చరియలకు, ఎత్తైన కొమ్మలకు పట్టు పెడతాయి. పూలరసంలోని నీటిని రెక్కల గాలితో ఇగిర్చి, చిక్కబడిన తేనె గదులకు మైనంతో మూత వేస్తాయి. మూతపడని పట్టును పిండితే నీరు మిగిలి, సరుకు టిన్నులోనే పులిసి నురగ కడుతుంది. ఆహార ప్రమాణాల ప్రకారం తేమ 20 శాతం మించరాదు.

1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవి తేనె కొని, శుద్ధిచేసి అమ్ముతోంది.

కొండ ఈగ పెట్టెలో నిలవదు. పూత తగ్గితే వలసపోతుంది. పెట్టెల్లో ఇటాలియన్ ఈగలను పెంచేవారికి దీని నుంచి రెండు పాఠాలున్నాయి. పూత వెంట పెట్టెలు తరలించాలి. చట్రంలో చాలా గదులకు మూత పడ్డాకే తేనె తీయాలి. పత్తి చేలకు పగలు మందు కొడితే మేతకొచ్చిన ఈగలు చస్తాయి. సాయంత్రం కొట్టేలా రైతుతో ముందే మాట్లాడుకోవాలి.

కొనేవారు టిన్ను తూకంతోపాటు తేమ కొలిపించుకుంటే నిలవలో నష్టం తప్పుతుంది.