వేగం కాదు, వేగంలో మార్పు: మీ ఫోన్ సెన్సర్‌తో పెబ్బేరు రోడ్డు మీద న్యూటన్ రెండో నియమం

కొత్త ఫోన్ కొనేటప్పుడు కెమెరా ఎన్ని మెగాపిక్సెల్స్, బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్ అని చూస్తాం. స్పెసిఫికేషన్స్ పేజీలో అట్టడుగున ‘యాక్సిలరోమీటర్, గైరోస్కోప్’ అని ఒక లైన్ ఉంటుంది. అక్కడిదాకా స్క్రోల్ చేసేవాళ్లు తక్కువే. కానీ హైస్కూల్ ఫిజిక్స్‌లో ‘గమన నియమాలు’ పాఠం తల తిరిగేలా చేస్తోందా? అయితే మీకు కావాల్సింది ఆ లైనే.

యాక్సిలరోమీటర్ అంటే సిలికాన్‌తో చేసిన చాలా చిన్న చిప్. దాని లోపల సన్నని స్ప్రింగుల మధ్య ఒక బుల్లి దిమ్మ వేలాడుతూ ఉంటుంది. ఫోన్ ముందుకు కదిలితే చిప్ ఫ్రేమ్ కూడా కదులుతుంది, దిమ్మ మాత్రం కొంచెం వెనకబడుతుంది. అది ఎంత జరిగిందో పక్కనున్న ప్లేట్ల కెపాసిటెన్స్ చెబుతుంది. స్ప్రింగ్ ఎంత సాగిందో తెలిస్తే బలం తెలిసినట్టే. దిమ్మ ద్రవ్యరాశి ముందే తెలుసు. బలాన్ని ద్రవ్యరాశితో భాగిస్తే త్వరణం వచ్చేస్తుంది. 1687లో న్యూటన్ ‘ప్రిన్సిపియా’లో అచ్చయిన రెండో నియమాన్ని మీ ఫోన్ సెకనుకు వందసార్లకు పైగా లెక్క కడుతోందన్నమాట.

మరి ఆ లెక్కను చూసేదెలా? జర్మనీలోని ఆర్‌డబ్ల్యూటీహెచ్ ఆఖెన్ యూనివర్సిటీ 2016లో ‘ఫైఫాక్స్’ అనే యాప్‌ను ఫ్రీగా విడుదల చేసింది. ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింటిలోనూ ఉంది. అందులో ‘యాక్సిలరేషన్ విత్ జీ’ ఓపెన్ చేసి ఫోన్‌ను టేబుల్ మీద వెల్లకిలా పెట్టండి. ఫోన్ కదలకపోయినా జెడ్ అక్షం మీద 9.8 చుట్టూ ఒక అంకె కనిపిస్తుంది! సెన్సర్ పాడైపోలేదు. దిమ్మ కింద పడకుండా స్ప్రింగులు దాన్ని పైకి మోస్తున్నాయి, సెన్సర్‌కు తెలిసింది ఆ బలం ఒక్కటే. అదే ఫోన్‌ను పరుపు మీదికి వదిలితే గాలిలో ఉన్నంతసేపూ రీడింగ్ సున్నాకు దగ్గరగా ఉంటుంది. దిమ్మ, ఫ్రేమ్ కలిసే పడుతున్నాయి కాబట్టి మోయాల్సిన పని స్ప్రింగులకు లేదు.

ఇప్పుడు రోడ్డెక్కుదాం. పెబ్బేరు హైదరాబాద్-బెంగళూరు హైవే మీద ఉంది, అదే ఎన్‌హెచ్-44. అక్కడ బస్సెక్కి బీచుపల్లి దగ్గర కృష్ణా నది దాటి ఎర్రవల్లి చౌరస్తా దాకా వెళ్తున్నారనుకోండి. యాప్‌లో ఈసారి ‘యాక్సిలరేషన్ వితౌట్ జీ’ ఎంచుకోండి. ఫోన్ పైభాగం డ్రైవర్ వైపు ఉండేలా, కదలకుండా పట్టుకోండి. మెత్తటి సీటు మీద పెడితే అది ఊగిన ఊపంతా గ్రాఫ్‌లోకి వచ్చేస్తుంది.

బస్సు కదలగానే వై గీత పైకి లేస్తుంది. 20 సెకన్లలో బస్సు 36 కిలోమీటర్ల వేగం అందుకుంటే, అంటే సెకనుకు 10 మీటర్లు, సగటు త్వరణం 0.5 మీ./సె². జనంతో కలిపి బస్సు 15 టన్నులు ఉందనుకుంటే దాన్ని ముందుకు నెట్టిన ఫలిత బలం 7,500 న్యూటన్లు. ఆ తర్వాత బస్సు హైవే మీద ఒకే వేగంతో పోతున్నప్పుడు గ్రాఫ్ చూడండి. కుదుపులను పక్కన పెడితే వై గీత సున్నా చుట్టూనే తిరుగుతుంది. 80 కిలోమీటర్ల వేగంతో పోతున్న బస్సుకూ, బస్టాండ్‌లో ఆగి ఉన్న బస్సుకూ ఈ గ్రాఫ్‌లో పెద్ద తేడా ఉండదు!

చాలామంది తప్పులో కాలేసేది ఇక్కడే. వేగంగా పోతుందంటే ఎక్కువ బలం పనిచేస్తోందని రాసేస్తారు, మార్కు పోతుంది. ఇంజిన్ బలం ఉంది, నిజమే. కానీ గాలి, టైర్ల నిరోధం అంతే బలంతో వెనక్కి లాగుతున్నాయి. ఫలిత బలం సున్నా. నియమంలో ఉన్న బలం ఈ ఫలిత బలమే, ఇంజిన్ బలం ఒక్కటే కాదు.

నమ్మకం కుదరకపోతే బండలాగుడు పోటీలు గుర్తుచేసుకోండి. పెబ్బేరు పశువుల సంతకు పేరున్న ఊరు. నది దాటితే గద్వాల, ఇంకా కిందికి కర్నూలు, ఈ ప్రాంతమంతా జాతరల్లో ఎడ్లు బండ లాగడం చూస్తూ పెరిగినవాళ్లే. బండ 2,000 కిలోలు, నేలతో ఘర్షణ గుణకం 0.5 అనుకుందాం. బండ నడుస్తున్నంతసేపూ ఘర్షణ దాదాపు 9,800 న్యూటన్లు. ఎడ్లు సరిగ్గా అంతే బలంతో లాగితే బండ ఒకే వేగంతో నడుస్తుంది, త్వరణం సున్నా. ఎడ్లకు మాత్రం చెమటలు పడతాయి! అంతకంటే ఒక్క 1,000 న్యూటన్లు ఎక్కువ లాగినా ఆ ఎక్కువే ఫలిత బలం, త్వరణం 0.5 మీ./సె². మొదట బండను కదిలించడం ఇంకా కష్టం. ఆగి ఉన్నప్పటి ఘర్షణ నడుస్తున్నప్పటి దానికంటే సాధారణంగా ఎక్కువ కాబట్టి. బరిలో తోలేవాళ్లకు ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు.

బస్సులోకి తిరిగి వద్దాం. డ్రైవర్ బ్రేక్ వేస్తే వై గీత సున్నా కిందికి దిగుతుంది. 72 కిలోమీటర్ల వేగం నుంచి 5 సెకన్లలో ఆగితే 4 మీ./సె². 60 కిలోల మనిషిని ఆపడానికి 240 న్యూటన్లు చాలు, ముందు సీటు కడ్డీ పట్టుకుంటే సరిపోతుంది. అదే వేగంతో పోతున్న కారు దేన్నైనా గుద్ది 0.1 సెకనులో ఆగిందా, అదే మనిషికి 12,000 న్యూటన్లు కావాలి. టన్నుకు పైగా బరువు మీద పడ్డట్టు! చేతులతో ఆపుకుంటాం అనేది వట్టి మాట. సీట్ బెల్ట్ చేసేది ఆగే సమయాన్ని కాస్త పెంచడం, ఆ బలాన్ని ఛాతీ, నడుము మీదికి పంచడం. ఐఫోన్ 14లో క్రాష్ డిటెక్షన్ కోసం 256జీ దాకా కొలిచే సెన్సర్ పెట్టింది కూడా ఇలాంటి అంకెల కోసమే. చాలా ఫోన్ల సెన్సర్లు 8జీ, 16జీ దగ్గరే ఆగిపోతాయి.

ఇక మన అసలు బాధ, ఫోన్ కింద పడటం. మీటరు ఎత్తు నుంచి పడ్డ ఫోన్ 1 మిల్లీమీటరు దూరంలో ఆగిందంటే దాని మీద సగటున 1,000జీ పనిచేసినట్టు. లెక్క చాలా సింపుల్: పడిన ఎత్తును ఆగిన దూరంతో భాగించడమే. 200 గ్రాముల ఫోన్‌కు ఇది దాదాపు 1,960 న్యూటన్లు. మెత్తటి కేస్ వేస్తే ఆగే దూరం 3 మిల్లీమీటర్లు అయిందనుకోండి, బలం మూడో వంతుకు పడిపోతుంది. అందుకే మూలల్లో మందంగా, కాస్త నొక్కుకునే కేస్ మంచిది. గట్టి ప్లాస్టిక్ కేస్ గీతలను ఆపుతుందేమో గానీ దెబ్బను పెద్దగా తగ్గించదు.

‘మిలిటరీ గ్రేడ్’ స్టిక్కర్ చూసి మురిసిపోయే ముందు ఒక విషయం. ఎంఐఎల్-ఎస్‌టీడీ-810జీ డ్రాప్ టెస్ట్‌లో ఫోన్‌ను 1.22 మీటర్ల నుంచి వదిలేది రెండంగుళాల ప్లైవుడ్ మీద. మన ఇళ్లలో ఉన్నవేమో షాబాద్ బండలు! ప్లైవుడ్ కొంచెమైనా లొంగుతుంది, షాబాద్ బండ లొంగదు. ఆగే దూరం తగ్గితే బలం ఎంత పెరుగుతుందో పైన చూశాం కదా.

ఫైఫాక్స్‌తో ప్రాజెక్ట్ చేయాలనుకునేవాళ్లకు చివరిగా ఒక కొనుగోలు సలహా. బడ్జెట్ ఫోన్లలో కొన్నింటికి గైరోస్కోప్ ఉండదు. అలాంటి వాటిలో ‘వితౌట్ జీ’ మోడ్ అసలు పనిచేయకపోవచ్చు, లేదా తప్పు రీడింగులు ఇస్తుంది. అప్పుడు ‘విత్ జీ’ మోడ్ వాడి, ఫోన్‌ను సమంగా ఉంచి వై గీత ఒక్కటే చూసుకోండి. డేటాను ఎక్సెల్ ఫైల్‌గా సేవ్ చేసుకోవచ్చు. ప్రయాణికుడిగా ఉన్నప్పుడే చేయండి, బండి నడుపుతూ మాత్రం వద్దు.