వార్తల్లో పదం: టీడీఎస్

నీళ్ల ఫిల్టర్లు అమ్మేవాళ్లు గ్లాసులో చిన్న మీటరు ముంచి చూపించే అంకె ఇది. పూర్తి పేరు టోటల్ డిజాల్వ్‌డ్ సాలిడ్స్. నీటిలో కరిగి ఉన్న కాల్షియం, మెగ్నీషియం, సోడియం, క్లోరైడ్, సల్ఫేట్ వంటి లవణాల మొత్తాన్ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాములని చెబుతారు.

భారతీయ ప్రమాణాల సంస్థ (బీఐఎస్) ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం తాగునీటిలో టీడీఎస్ 500 దాటకూడదు. వేరే నీటి వనరు లేనిచోట 2,000 వరకు అనుమతిస్తారు.

మీటరు నిజానికి లవణాలను తూచదు. నీటిలో విద్యుత్తు ఎంత సులువుగా ప్రవహిస్తోందో చూసి అంచనా కడుతుంది. కాబట్టి కలరా, టైఫాయిడ్ తెచ్చే బ్యాక్టీరియా, పురుగుమందుల అవశేషాలు దానికి పట్టుబడవు. నల్గొండను దశాబ్దాలపాటు పీడించిన ఫ్లోరైడ్‌కు పరిమితి లీటరుకు 1 మి.గ్రా., తప్పనిసరైతే 1.5. అంత కొద్ది మోతాదును మిగతా లవణాల నుంచి విడదీసి చెప్పడం ఈ మీటరు వల్ల కాదు.

నీటిని శుద్ధి చేసే ఆర్వో (రివర్స్ ఆస్మోసిస్) యంత్రం టీడీఎస్‌ను బాగా తగ్గిస్తుంది. దాంతోపాటు ఒంటికి పనికొచ్చే ఖనిజాలనూ తీసేస్తుంది, చాలా నీటిని వృథాగా వదిలేస్తుంది. అందుకే టీడీఎస్ 500 లోపు ఉన్నచోట ఆర్వోను నిషేధించాలని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2019లో కేంద్రాన్ని ఆదేశించింది.

అంకె తగ్గినంత మాత్రాన నీళ్లు మంచివైపోవు. సంపు, ట్యాంకు తరచూ కడిగించండి. బోరు నీళ్లు తాగేవారు ఫ్లోరైడ్, నైట్రేట్, కోలిఫాం బ్యాక్టీరియా పరీక్షలు ల్యాబులో చేయించాకే ఏ ఫిల్టరు కొనాలో తేల్చుకోండి.