ఉప్పునీటిలో చతురస్ర కణం: లవణప్రియ ఆర్కియాల ఆకృతిపై పరిశీలన

సూక్ష్మజీవుల ఆకృతిని గురించి పాఠ్యగ్రంథాలు చెప్పేది సాధారణంగా మూడు మాటల్లో ముగుస్తుంది: గోళం, దండం, సర్పిలం. 1980లో బ్రిటిష్ శాస్త్రవేత్త ఏ. ఈ. వాల్స్‌బీ సినాయ్ ద్వీపకల్పంలోని ఒక ఉప్పు కుంట నీటిని పరిశీలించినప్పుడు ఈ మూడింటిలో దేనికీ చెందని కణాలు కనిపించాయి. అవి పలుచని చదరపు రేకులు. ఒక్కో భుజం 2 నుంచి 5 మైక్రోమీటర్లు. మందం మాత్రం మైక్రోమీటరులో పదోవంతు నుంచి నాలుగోవంతు వరకు. విభజన ఒకసారి నిలువుగా, మరొకసారి అడ్డంగా జరగడం వల్ల అవి చింపని తపాలా బిళ్ళల తావులా అతుక్కుని ఉంటాయి.

ఈ జీవిని ప్రయోగశాలలో పెంచడానికి 24 ఏళ్ళు పట్టింది. 2004లో నెదర్లాండ్స్, ఆస్ట్రేలియా బృందాలు విడివిడిగా ఆ పని సాధించాయి. 2007లో దానికి హాలోక్వాడ్రాటమ్ వాల్స్‌బీ అనే పేరు స్థిరపడింది. ఇది బ్యాక్టీరియా కాదు, ఆర్కియా. దీని సమీప బంధువుల్లో త్రిభుజాకార కణాలు కూడా ఉన్నాయి. హాలోఆర్కులా జపోనికా అందుకు ఉదాహరణ.

మూలలు ఎలా నిలుస్తాయన్నది అసలు ప్రశ్న. మంచినీటి బ్యాక్టీరియాలో కణద్రవ్యం గాఢత బయటి నీటికంటే ఎక్కువ. నీరు లోపలికి చొచ్చుకువచ్చి గోడను బయటికి నెడుతుంది. గాలి నింపిన బంతిలాగా కణం గుండ్రదనం వైపు మొగ్గుతుంది. లవణప్రియ ఆర్కియాలు తమ లోపల పొటాషియం క్లోరైడును దాదాపు బయటి ఉప్పు గాఢతకు సమానంగా నింపుకుంటాయి. లోపలి నుంచి నెట్టే ఒత్తిడి నామమాత్రమే కనుక రేకు రేకుగానే ఉండగలదు.

పలుచదనం వల్ల లాభమూ ఉంది. 2 మైక్రోమీటర్ల వ్యాసం గల గోళంలో ఉపరితలానికి, ఘనపరిమాణానికి నిష్పత్తి 3. ఆ గోళం పెరిగేకొద్దీ అది తగ్గిపోతుంది. 0.2 మైక్రోమీటర్ల మందం గల రేకులో అది సుమారు 10. రేకు ఎంత విశాలమైనా దాదాపు అంతే. గాఢమైన ఉప్పునీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది కనుక పోషకాలనూ వెలుతురునూ అందుకోవడానికి ఈ విస్తీర్ణం అక్కరకు వస్తుందని భావిస్తారు. కణంలోని వాయుకోశాలు తేలడానికి తోడ్పడతాయనీ అంటారు. వాల్స్‌బీ ప్రత్యేక పరిశోధనాంశం నిజానికి ఈ వాయుకోశాలే.

ధర్మపురి దగ్గర పారే గోదావరి నీటిలో ఇదే కణాన్ని వేస్తే నీరు వెల్లువలా లోపలికి చేరుతుంది. పైపొరలోని ప్రోటీన్లు ఉప్పు లేక పట్టు సడలుతాయి, కణం పగిలిపోతుంది. అదే నది నరసింహ క్షేత్రమైన ధర్మపురిని దాటి, మరో నరసింహ క్షేత్రమైన అంతర్వేది వద్ద సముద్రంలో కలుస్తుంది. ఆంధ్ర తీరంలో కాకినాడ, నౌపడ, చినగంజాం వంటి చోట్ల ఉప్పుమడులున్నాయి. 3.5 శాతం లవణం ఉన్న సముద్రజలం మడి నుంచి మడికి చిక్కబడి, ఉప్పు గడ్డకట్టే చివరి మళ్ళలో 30 శాతం మించుతుంది. ప్రపంచంలోని అనేక ఉప్పుమడుల్లో ఆ చివరి మళ్ళే ఎరుపెక్కుతాయి. అక్కడి కణాల్లో చతురస్రాలదే తరచు పెద్ద వాటా.

చతురస్ర కణాలు అంతకాలం వర్ధనానికి లొంగకపోవడానికి నిదానమైన పెరుగుదల ఒక కారణం. రెట్టింపు కావడానికి వాటికి ఒకటి రెండు రోజులు పడుతుంది. వేగంగా పెరిగే సాటి లవణప్రియులు ముందే పళ్ళెం ఆక్రమిస్తాయి. రెండో ఇబ్బంది మన అలవాట్లలో ఉంది. నమూనాను స్వేదనజలంతో పలచన చేయడం, స్లైడును మామూలుగా కడిగి గ్రామ్ రంగు వేయడం కణాలను నాశనం చేస్తాయి. పలచన చేసేది కూడా సమాన గాఢత గల ఉప్పునీరే కావాలి. రంగు వేసేముందు 2 శాతం ఎసిటిక్ ఆమ్లంతో స్థిరపరచాలి. అన్నిటికంటే మేలు, తడి చుక్కను ఫేజ్ కాంట్రాస్ట్ సూక్ష్మదర్శినిలో నేరుగా చూడడం. అప్పుడు వాయుకోశాలు మెరుస్తూ కనిపిస్తాయి. ఆరిన స్లైడులోనూ చతురస్రాలు కనిపిస్తాయి, కాని వాటిలో చాలావరకు ఉప్పు స్ఫటికాలే.