నల్లరేగడిలో పాదాల తామర: నివారణ, చికిత్స

చిలకలూరిపేట ప్రాంతపు నల్లరేగడి నేలల్లో మాంట్‌మొరిల్లొనైట్ బంకమన్ను అధికం. వాన పడితే అది నీటిని పీల్చుకొని ఉబ్బి, రోజుల తరబడి తేమను నిలుపుకొంటుంది. పత్తికి, మిరపకు మేలుచేసే ఈ గుణమే కలుపుతీతకు దిగే కూలీల పాదాలకు కీడు చేస్తున్నది. బురదలో నానిన వేళ్ల సందుల్లో, ముఖ్యంగా నాలుగవ, ఐదవ వేళ్ల మధ్య, చర్మం తెల్లబడి, పగిలి, దురద పెడుతుంది. ట్రైకోఫైటాన్ రూబ్రమ్, ట్రైకోఫైటాన్ ఇంటర్‌డిజిటేల్ అనే శిలీంధ్రాలు దీనికి ప్రధాన కారకాలు. చర్మంలోని కెరాటిన్ వీటి ఆహారం.

మిరప తెగుళ్లపై శిక్షణ ఇస్తుండగా ఒక మహిళా కూలీ తన వేళ్ల సందులు చూపి, "సారూ, మిరపకు కొట్టే మందే కాలికి పూసుకుంటే తగ్గదా?" అని అడిగింది. ప్రశ్న అర్థరహితం కాదు. పైరుపై వాడే టెబుకొనజోల్, చర్మంపై వాడే క్లోట్రిమజోల్ రెండూ అజోల్ వర్గానివే. శిలీంధ్ర కణత్వచానికి అవసరమైన ఎర్గోస్టెరాల్ తయారీని ఒకే చోట అడ్డుకొంటాయి. అయితే పురుగుమందుల దుకాణంలోని మందు గాఢత, అందులోని ద్రావకాలు మానవ చర్మానికి ఉద్దేశించినవి కావు. పగిలిన చర్మం ద్వారా అవి శరీరంలోకి చేరగలవు. అందువల్ల పైరుమందును పాదాలకు ఎన్నడూ పూయరాదు.

చికిత్సకు 1 శాతం టెర్బినఫిన్ క్రీమును 1 నుంచి 2 వారాలు, లేదా 1 శాతం క్లోట్రిమజోల్‌ను రోజుకు రెండుసార్లు సుమారు 4 వారాలు, కడిగి బాగా ఆరిన చర్మంపై, మచ్చ అంచు దాటి పూయాలి. దురద తగ్గగానే ఆపితే వ్యాధి తిరగబెడుతుంది. గోళ్లకు సోకితే పూతమందు సాధారణంగా చాలదు. తగ్గనప్పుడు చర్మపు పొలుసును పొటాషియం హైడ్రాక్సైడ్‌తో పరీక్షించి నిర్ధారించుకోవాలి. తేమవల్ల వచ్చే ప్రతి పగులూ తామర కాదు.

స్టెరాయిడ్ కలిసిన క్రీములతో మరింత జాగ్రత్త అవసరం. అవి ఎరుపును, దురదను త్వరగా అణచి, శిలీంధ్రం విస్తరించడానికి తావిస్తాయి. 2020లో వర్ణించబడిన ట్రైకోఫైటాన్ ఇండోటినియే రకంలో టెర్బినఫిన్‌కు లొంగని శిలీంధ్రాలు మన దేశంలో కనిపిస్తున్నాయి. ఇది ఎక్కువగా ఒంటిపై, గజ్జల్లో వచ్చే తామరకు కారణం. ఒకే మందును పదేపదే, అరకొరగా వాడవద్దని రైతుకు చెప్పే పాఠమే ఇక్కడా వర్తిస్తుంది.

నివారణ ఖర్చులేనిది. పని ముగియగానే కాళ్లు కడిగి, వేళ్ల సందులను పొడిగుడ్డతో తుడవాలి. పిచికారీ బూట్లను పని కాగానే విప్పి, లోపల ఆరబెట్టాలి; మేజోళ్లు రోజూ మార్చాలి. తువ్వాలు, చెప్పులు ఎవరివి వారికే ఉండాలి. మధుమేహం ఉన్నవారికి పగుళ్ల ద్వారా బాక్టీరియా ప్రవేశించే ప్రమాదం ఎక్కువ. పాదం వాచి, ఎర్రబడి, జ్వరం వస్తే ఆ రోజే వైద్యుని చూడాలి.

విస్తరణ శాస్త్రవేత్తలు, విద్యార్థులు క్షేత్ర సందర్శనలో పైరు ఆకుతోపాటు కూలీ పాదాన్నీ చూడాలి. కాళ్లు పగిలి పని మానిన రోజు ఆమెకు కూలి రాదు. గట్టున ఒక బకెట్ నీరు, ఒక పొడిగుడ్డ ఉంచమని రైతుకు చెప్పడం కూడా మన సిఫార్సులలో ఒకటి కావాలి.