ఎనిమిది సెకన్ల పందెం

చోదకుడు ఎడమకాలితో క్లచ్‌ను అదిమిపట్టి, కుడికాలితో ఇంజను వేగాన్ని పెంచుతాడు. ఎదురుగా నిర్జనమైన పరీక్షా పథం. క్లచ్ మీది కాలు కొంచెం తొందరపడితే ముందు చక్రాలు ఉన్నచోటనే గిర్రున తిరుగుతాయి. రబ్బరు కాలిన వాసన తప్ప మరేమీ దక్కదు. కొంచెం ఆలస్యమైతే క్లచ్ జారుతూ విలువైన క్షణాలు వృథా అవుతాయి. ఈ రెంటి నడుమ ఉన్న సన్నని దారిని పట్టుకొన్నవాడే గంటకు 100 కిలోమీటర్ల వేగాన్ని ఎనిమిది సెకన్లలో అందుకోగలడు. అన్నం ఒక ముద్ద కలిపి నోట పెట్టుకొనేంత కాలం అది. 1980 దశకంలో ఐరోపా యువకులు రెండు చిన్న కార్లను గురించి తెగ వాదించుకొన్నది ఆ కాస్త వ్యవధిలోని అర సెకను కోసమే.

మొదటిది జర్మనీకి చెందిన ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ జీటీఐ. వెనుక తలుపు పైకి తెరుచుకొనే మామూలు కుటుంబపు కారులో శక్తిమంతమైన ఇంజనును అమర్చాలన్న ఆలోచన, కంపెనీలోని కొందరు ఇంజనీర్లు పనివేళల వెలుపల మొదలుపెట్టినది. 1975లో ఫ్రాంక్‌ఫర్ట్ ప్రదర్శనలో దానిని చూపి, మరుసటి ఏడాది అమ్మకానికి పెట్టినప్పుడు 5,000 కార్లు అమ్ముడైతే చాలుననుకొన్నారు. ఆ మొదటి తరమే నాలుగున్నర లక్షలు దాటిపోయింది! రెండవది ఫ్రాన్సుకు చెందిన ప్యూజో 205 జీటీఐ. అది 1984లో వచ్చింది. గోల్ఫ్ రెండవ తరం జీటీఐ కూడా ఆ ఏటనే రంగంలోకి దిగడంతో పోటీ ముఖాముఖి అయింది.

అసలు కథ 1986లో రక్తి కట్టింది. ఆ సంవత్సరం ఇద్దరూ తమ ఇంజన్లకు బలం పెంచారు. అయితే ఒకరు వెళ్లిన దారిన మరొకరు వెళ్లలేదు.

జర్మన్లు ఇంజను పరిమాణాన్ని ముట్టుకోలేదు. అదే 1,781 ఘన సెంటీమీటర్లు. కవాటాలను మాత్రం 8 నుండి 16 చేశారు. పెండ్లి మండపానికి ఒక్క గుమ్మమే ఉంటే భోజనాల వేళ జనం తొక్కిసలాడుతారు; పక్కన మరొక గుమ్మం తెరిస్తే అదే జనం సాఫీగా సాగిపోతారు. గాలి సంగతీ అంతే. కవాటాలు పెరిగితే ఇంజను ధారాళంగా ఊపిరి పీల్చి వదులుతుంది. 112 అశ్వశక్తి 139కి చేరింది. కాని గుమ్మాల విలువ రద్దీ ఉన్నప్పుడే తెలుస్తుంది. ఇంజను నిమిషానికి నాలుగు వేల చుట్లు దాటిన తరువాతనే ఈ కారు తన సత్తా చూపేది.

ఫ్రెంచివారిది పాతకాలపు ఉపాయం. సిలిండరు వ్యాసం 83 మిల్లీమీటర్లు అలాగే ఉంచి, పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరాన్ని 73 నుండి 88 మిల్లీమీటర్లకు పెంచారు. 1,580 ఘన సెంటీమీటర్ల ఇంజను 1,905 అయింది; శక్తి 130కి పెరిగింది. బరువులు ఎత్తే మనిషిని ఎంచుకొన్నట్లు ఇది, పరుగెత్తేవానిని కాదు.

ఇక లెక్క చూడండి. గోల్ఫ్ బరువు సుమారు 960 కిలోలు, ప్యూజో బరువు సుమారు 900. ఒక్కొక్క అశ్వశక్తి మోయవలసిన భారం రెండింటిలోనూ ఏడు కిలోలకు కాస్త తక్కువే. కంపెనీల లెక్కలో ప్యూజోకు ఎనిమిది సెకన్లు, గోల్ఫ్‌కు ఎనిమిదిన్నర. త్వరణం మొదటి నుండి చివరి వరకు ఒకే రీతిగా ఉన్నదనుకొంటే, ప్యూజో నూరు కిలోమీటర్ల వేగాన్ని అందుకొన్న క్షణాన గోల్ఫ్ దానికి ఆరున్నర మీటర్లు వెనుక ఉంటుంది. రెండు కార్ల పొడవైనా కాదు.

ఆ ఆరున్నర మీటర్లనైనా పూర్తిగా నమ్మడానికి లేదు. రెండు కార్లకూ ఇంజను తిప్పేది ముందు చక్రాలనే. కారు ముందుకు దూకినప్పుడు బరువు వెనుకకు ఒరుగుతుంది. లాగవలసిన ముందు చక్రాలు తేలికై పట్టు కోల్పోతాయి. కనుక తొలి క్షణాలలో హద్దు గీసేది ఇంజను కాదు, టైరు. గేరు మార్చిన ప్రతిసారీ చక్రాలకు శక్తి అందని క్షణం ఒకటి వృథాగా పోతుంది. బ్రిటిష్ పత్రికలు కొలిచేది గంటకు 60 మైళ్ల వేగానికి, అది 96.5 కిలోమీటర్లే. రెండవ గేరు ఆ వేగం వరకు లాగి, నూరుకు ముందే అలసిపోయే కారుకు బ్రిటన్‌లో ఒక అంకె, ఫ్రాన్సులో మరొక అంకె! ఎదురుగాలి ప్రభావం పోవడానికి పరీక్షకులు రెండు దిశలలోనూ పరుగెత్తించి సగటు తీసేవారు. కారులో ఒకరున్నారా, ఇద్దరున్నారా అన్నది సైతం అంకెను మార్చేదే.

దారి మీద తేడా వేరొక చోట తెలుస్తుంది. ముందు లారీ పోతున్నది, దానిని దాటాలి. ప్యూజో చోదకుడు తరచుగా ఉన్న గేరులోనే కాలు నొక్కి దాటిపోతాడు. పదహారు కవాటాల గోల్ఫ్‌లో ఒక గేరు తగ్గించి, ఇంజనును గట్టిగా మేల్కొలిపితే గాని పని జరగదు. అలా మేల్కొన్న గోల్ఫ్ ధ్వనిలోని ఉత్సాహమే ఆ కారుకు అందమని దాని అభిమానులు అంటే కాదనలేము.

అన్నిటికంటే ముఖ్యమైన పరీక్ష కాలు నొక్కడంలో లేదు, ఎత్తడంలో ఉన్నది. వేగంగా మలుపు తిరుగుతూ చోదకుడు బెదిరి యాక్సిలరేటర్ మీది కాలు చటుక్కున తీశాడనుకోండి. బరువు ఒక్కసారిగా ముందుకు పడి, వెనుక చక్రాల పట్టు సడలుతుంది. గోల్ఫ్ చాలావరకు దీనిని ఓర్చుకొనేది. ప్యూజో వెనుకభాగం మాత్రం బయటికి విసురుగా తిరిగేది. నేర్పరికి అది ఆట. స్టీరింగ్‌ను ఎదురు తిప్పి సరిదిద్దుకొనేవాడు. లైసెన్సు కొత్తగా చేతికి వచ్చిన కుర్రవానికి అది గోతిలోకి దారి. 1,905 ఘన సెంటీమీటర్ల నమూనాకు వెనుక చక్రాలకు కూడ డిస్క్ బ్రేకులు అమర్చడం మంచిదే. కాని ఆ క్షణంలో బ్రేకు నొక్కడం కూడ పొరపాటే. 1990 దశకం మొదట్లో బ్రిటన్‌లో ఇటువంటి కార్ల ప్రమాదాలు, దొంగతనాలు చూసి బీమా కంపెనీలు ప్రీమియాన్ని విపరీతంగా పెంచాయి. కారు కొనగలిగి, బీమా కట్టలేని యువకులు చాలామంది వాటికి దూరమయ్యారు.

గోల్ఫ్ జీటీఐ 2025లో భారతదేశంలోనూ అమ్మకానికి వచ్చింది. 265 అశ్వశక్తి; నూరు కిలోమీటర్ల వేగానికి 5.9 సెకన్లు. చక్రం జారినప్పుడు కనిపెట్టి సరిచేసే బాధ్యత కంప్యూటరుది, గేర్లు వాటంతట అవే మారుతాయి. క్లచ్ పెడల్ లేదు.